మోకాలి మచ్చకు చెప్పిన వేదాంతం

నా మాట నమ్మేవాళ్లు నర్సీపట్నంలో ఎవరూ లేరు. అది నేను కష్టపడి సంపాదించుకున్న పేరు. కొయ్యూరు దారిలో పులి ఎదురై నన్ను నస్యం అడిగిందనీ, రెండు చిటికెలిస్తే తుమ్ముకుంటూ డొంకలోకి పోయిందనీ చెప్పినవాణ్ణి నేనే. ఏటా శిస్తు లెక్కలు చూసే జమాబందీకి దొరగారు వచ్చిన నాలుగు రోజులూ కచేరీ కప్పు మీద కాకులు నోరెత్తవనీ, వాటికీ ఉద్యోగ భయం ఉందనీ కొత్తగా వచ్చిన బంట్రోతును నమ్మించినవాణ్ణీ నేనే. జనం విని, నవ్వి, లేచి పోయేవారు. ఎవరికీ నష్టం లేదు. నష్టం చేసిన అబద్ధం నా జన్మలో ఒక్కటే చెప్పాను. దాన్ని మాత్రం ఊరంతా నమ్మింది.

తాలూకా కచేరీలో నా పని నకళ్లు రాయడం. ఎవడి గట్టు ఎవడు దున్నాడో, ఎవడి కొబ్బరిచెట్టు ఎవడి దొడ్లోకి వంగిందో, అలాంటి కాగితాలన్నిటికీ అక్షరం పొల్లుపోకుండా మరో ప్రతి తయారు చేసేవాణ్ణి. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అనేవారు. పాత తాటాకు రాత చదవడం కూడా మా తాత దగ్గర నేర్చుకున్నాను. ఆకు మీద గంటంతో గీసిన గీతలు ఊరికే కనపడవు. ఆకుపసరులో దీపపు మసి కలిపి రుద్ది, గుడ్డతో తుడిస్తే అప్పుడు నల్లగా పైకి తేలతాయి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. అంతా ఒకటే గొలుసు. దాన్ని విడదీసి చదవగలిగినవాళ్లు కచేరీలో నేను తప్ప లేరు. ఈ రెండు విద్యలూ నాకున్నాయన్నది గుర్తుంచుకోండి. ఈ కథలో నా తప్పుకు అడ్డం పెట్టుకోవడానికి నాకు ఏ సాకూ లేదని ముందే చెప్పేస్తున్నాను.

మన్యం దొరల మీద తిరగబడి పితూరీ లేచిన రోజులవి. కృష్ణదేవిపేట వైపు నుంచి రోజుకో కబురు వచ్చేది. నర్సీపట్నం నిండా ఖాకీ బట్టలే. రాసిన కాగితం ఎవరింట్లో కనిపించినా పోలీసులకు అనుమానమే. ఆ అనుమానంతోనే బలిఘట్టం వెళ్లే దారిలో ఉన్న ఒక పెంకుటింటిని సోదా చేశారు.

ఆ ఇంట్లో ఉండే ఆవిడకు అరవై దగ్గర పడ్డాయి. కళావంతుల కుటుంబం. వాళ్ల అమ్మమ్మ కాలంలో జమీందార్ల పెళ్లిళ్లకు మేళం కట్టిన ఇల్లు. ఈవిడ నాటికి గజ్జెలు సందుగ పెట్టెలోకి పోయి, పాకలోకి గేదెలు వచ్చాయి. నాలుగిళ్లకు పాలు పోసి బతికేది. మా ఇంటికీ ఆవిడే పోసేది. చెంబులో పాలు పోస్తున్నంత సేపూ ఏదో సన్నగా గొణుక్కుంటూ ఉండేది. పాటో లెక్కో తెలిసేది కాదు.

సందుగలో గజ్జెల కింద ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట దొరికింది. జవాన్లకు అది చదవడం రాదు. చదవడం రానిదంతా వాళ్ల లెక్కలో పితూరీయే. కట్టనూ ఆవిడనూ కలిపి కచేరీకి పట్టుకొచ్చి తాసీల్దారు గారి ముందు పెట్టారు.

తాసీల్దారు గారు గోదావరి అవతల నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నిష్ఠాపరుడు. వేదాంతమంటే చెవి కోసుకుంటాడు. శృంగారమంటే అంత కోపం. నెల రోజుల కిందటే సంతలో ఒక మూటవాడి దగ్గర పడకటింటి పదాల పుస్తకాలు దొరికితే కచేరీ వాకిట్లో కిరసనాయిలు పోయించి తగలబెట్టించాడు. ఆ మంటకు రెండు చేతులూ జోడించి నమస్కారం కూడా చేశాడు. యజ్ఞమనుకున్నాడో ఏమో.

కట్ట చదవడానికి నన్ను పిలిచారు. పక్కన పండితుడు గారిని కూర్చోబెట్టారు. ఆయన తెలుగు చెప్పి పదవి విరమించిన పెద్దాయన, తాసీల్దారు గారికి సాయంకాలపు స్నేహితుడు. నాలుగు తరాలుగా ఉపనిషత్తులకు అర్థం చెప్పుకుంటూ వచ్చిన ఇల్లు వాళ్లది. చూపు మందగించింది కాబట్టి ఆకు నాది, చెవి ఆయనది.

పైఆకుకు మసి రుద్ది మొదటి పద్యం నాలో నేను చదువుకున్నాను. దీపం ఆర్పవద్దని ఒక ఆడది మగవాడికి చెబుతోంది. ఎందుకు ఆర్పకూడదో తరువాతి పాదాల్లో విడమరిచి చెబుతోంది. అక్కడ మరుగేమీ లేదు. నా చెవులు వేడెక్కాయి. తలెత్తితే తాసీల్దారు గారి బల్ల, బల్ల అవతల గుమ్మం దగ్గర నిలబడ్డ పాలావిడ. ఆవిడ తాసీల్దారుని చూడటం లేదు, జవాన్లనూ చూడటం లేదు. నా నోటినే చూస్తోంది.

పితూరీ అంటే ఆవిడ ఠాణాకు పోతుంది. ఉన్నదున్నట్టు చదివితే కట్ట మంటలోకి పోతుంది. "ఏముందోయ్ అందులో?" అని తాసీల్దారు గారు అడిగారు.

"వేదాంతమండీ," అన్నాను.

నా నోటికి అలవాటైన పని కాబట్టి ఆ తరువాత ఆగలేదు. దీపమంటే జ్ఞానమన్నాను. ఆర్పవద్దంటున్నది జీవుడన్నాను. చీకటి కోరేవాడు అహంకారమన్నాను. విప్పిన ముడులు అవిద్య ముడులన్నాను. తాసీల్దారు గారు కళ్లు మూసుకున్నారు. మూసిన కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. ఒక అధికారిని ఏడిపించడం నాకదే మొదలు. ఆ రుచి ఎలాంటిదో పులికి నస్యం వేసిన కథతో నాకెప్పుడూ తెలియలేదు.

బయటికి వచ్చాక పండితుడు గారు నా భుజం మీద చెయ్యి వేసి, ఆ పద్యాన్ని గుర్తున్నంత మేరకు, ఈసారి అర్థం లేకుండా చదవమన్నారు. చదివాను. ఆయన తల ఊపి, "వెధవా, బాగా చెప్పావురా. రాసింది మాత్రం నీకన్నా బాగా చెప్పింది," అని నవ్వారు. ఆయనకు మొదటి నిమిషంలోనే తెలుసు. చెప్పలేదు. అందుకు అప్పుడు సంతోషించాను.

మర్నాడు పొద్దున్న పాలావిడ చెంబు దించి అక్కడే నిలబడింది.

"మంచి పని సేసారు బాబూ. కట్ట ఎప్పుడిస్తారు?"

కట్ట తాసీల్దారు గారి పూజామందిరంలో ఉందని చెప్పాను. ఆవిడ అటూ ఇటూ చూసింది. తరువాత ఉన్న సంగతి చెప్పింది. అది వాళ్ల అమ్మమ్మ రాసుకున్నది. అమ్మమ్మ దగ్గరికి ఒక పండితుడు వచ్చేవాడట. పొద్దల్లా నలుగురికీ దేహం నేను కాదని బోధించి, పొద్దుగూకాక ఆ దేహాన్నే మోసుకుని ఈ ఇంటి మెట్లెక్కేవాడట. వాళ్లిద్దరి మధ్యా నడిచిన వాదం ఆ కట్టంతా. మొదటి నాలుగు పద్యాలు అమ్మమ్మ ఈవిడకు నోటికి నేర్పింది. పాలు పోస్తూ గొణుక్కునేది అవేనట. నాలుగోది నాకు అక్కడే, చెంబు పక్కన నిలబడి, గొంతెత్తకుండా చెప్పింది.

ఆ పద్యం నాకిప్పుడు పద్యంగా రాదు. ఎందుకు రాదో తరువాత చెబుతాను. భావం ఇది: ఈ ఒళ్లు నువ్వు కాదన్నావు సరే, మరి నీ ఎడమ మోకాలి వెనక పప్పుబద్దంత నల్లమచ్చ ఉందే, దాన్ని నేను ముట్టుకుంటే ఉలిక్కిపడింది ఎవరు? ఉలిక్కిపడినవాడే నువ్వైతే నీ శాస్త్రం అబద్ధం. నువ్వు కాకపోతే, ఇన్నాళ్లూ నా ఇంటికి వచ్చింది ఎవరో కనుక్కుని చెప్పు.

నేను చిన్నప్పటి నుంచి వేదాంతం వింటూ పెరిగాను. ఇంత తిన్నగా దాన్ని నిలబెట్టి అడిగినవాళ్లను ఎరగను. అదీ మోకాలి వెనక వేలు పెట్టి.

"ఆ మచ్చ మా తాతది," అంది ఆవిడ. "మా అమ్మకుండేది. నాకూ ఉంది. ఆయన పేరు మాత్రం మా అమ్మమ్మ సెప్పలేదు. అడిగితే, పేరుతో నీకేటి పని, ప్రెశ్నతో పని అన్నాది. ఆయన ఏటి జవాబిచ్చాడే అంటే, ఆఖరాకులో ఉంది, నువ్వే సదువుకో అన్నాది. నాకు అచ్చక్షరం వచ్చు బాబూ. ఆ గొలుసు రాత రాదు. నలబై ఏళ్లయి అడుగుదామంటే అడగడానికి మనిషి దొరకలేదు. ఎవర్నడిగినా ముందు పద్దేలకే నవ్వేస్తారు కదా. మీరు నవ్వలేదు. నకలు తీసిచ్చినా సరే. ఆఖరాకు ఒక్కటి సదివి సెప్పినా సరే."

తప్పకుండా అన్నాను. ఆ మాట అబద్ధమని అన్నప్పుడు నాకు తెలియదు.

ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. తాసీల్దారు గారు మర్నాటి నుంచి తమ ఇంటి అరుగు మీద పురాణ కాలక్షేపం ఏర్పాటు చేశారు. కట్టలో నలభై ఆకులు. నలభై సాయంకాలాలు, శివరాత్రి ముందురోజుకు సమాప్తి. మామూలుగా పురాణమంటే ఒకరు పద్యం చదువుతారు, ఇంకొకరు అర్థం చెబుతారు. ఈ పద్యాలు పైకి చదివితే మొదటి పాదానికే ఆడవాళ్లు లేచిపోతారు, రెండో పాదానికి నా ఉద్యోగం పోతుంది. అందుకని నేనొక నియమం పుట్టించాను. ఇది మంత్రంతో సమానమైన గ్రంథమనీ, మూలం పైకి చదవకూడదనీ, అధికారం లేని చెవిన పడితే చెప్పినవాడికీ విన్నవాడికీ దోషమనీ, పద్యం మనసులో చదువుకుని అర్థం మాత్రమే పైకి చెప్పాలనీ అన్నాను. ఆకుల వరస తప్పకూడదన్నాను. రోజుకొకటే తియ్యాలన్నాను. తాసీల్దారు గారు ప్రతిదానికీ తలూపారు. నేను కట్టిన నియమాలు విని నాకే భక్తి కలిగింది.

ఏర్పాటేమంటే, ఆ రోజు ఆకు పొద్దున్నే మందిరం నుంచి మా ఇంటికి వస్తుంది. పసుపు గుడ్డలో, పళ్లెంలో. నేను రోజంతా మననం చేసుకుని సాయంకాలం పట్టుకెళ్లాలి. అంటే నలభై ఆకులూ, ఒక్కొక్కటీ ఒక్కో పగలు మొత్తం, నా బల్ల మీద ఉన్నాయి. బల్ల మీదే కలం ఉంది, సిరా ఉంది, కచేరీ నుంచి తెచ్చుకున్న కాగితం ఉంది. నా జీవనాధారమే నకలు తియ్యడం. ఒక ఆకుకు అరగంట పట్టదు.

తియ్యలేదు.

మొదటి వారం, రేపటి నుంచి మొదలుపెడదామనుకున్నాను. రెండో వారానికి అరుగు చాలక వాకిట్లో చాపలు వేశారు. వకీళ్లు వచ్చారు, డాక్టరు గారు వచ్చారు, పక్క పల్లెల చెరకు రైతులు బళ్లు కట్టుకుని వచ్చారు. పితూరీ భయంతో బిగదీసుకుని ఉన్న ఊరికి రోజూ సాయంకాలం మనసు వదులు చేసుకునే చోటు దొరికింది. ఇరవయ్యేళ్లుగా నా మాటకు నవ్విన మొహాలే ఇప్పుడు నా మాటకు చేతులు జోడించాయి. నడుమంటే సుషుమ్న అన్నాను. పంటిగాటంటే గురువు ఉపదేశమన్నాను. చెమట అంటే కర్మ కరగడమన్నాను. జనం అబ్బా అన్నారు. నేను ఆకు చూసి అర్థం చెప్పడం నుంచి అర్థానికి తగిన ఆకు ఉందో లేదో చూడటానికీ, అక్కడి నుంచి ఆకు చూడకపోవడానికీ వచ్చాను. ముప్ఫయ్యో రోజు తరువాత మసి రుద్దడం మానేశాను. తెల్లటి ఆకును చేత్తో పట్టుకుని గంటన్నర మాట్లాడేవాణ్ణి. నిజం చెప్పాలంటే అప్పుడే ఇంకా బాగా వచ్చేది.

మోకాలి మచ్చ పద్యం మూడో ఆకు మీద, మూడో రోజు వచ్చింది. దేహం నేను కాదనేవాణ్ణి నిలదీసిన పద్యం కదా. దానికి నేను చెప్పిన అర్థమేమిటంటే, మచ్చ అంటే మాయ అనే కళంకం, దాన్ని చూపి ఈ దేహం నేను కాదని తెలుసుకోమంటోందని. రాసినావిడ ఎవరి నోరు మూయించిందో వాడి మాటే మళ్లీ ఆవిడ నోట్లో పెట్టాను. ఆ సాయంకాలం పండితుడు గారు అలవాటు ప్రకారం నన్ను పక్కకు పిలిచి, అర్థం లేకుండా ఆ పద్యం చదవమన్నారు. చదివాను. ఇంకోసారి అన్నారు. చదివాను. ఈసారి నవ్వలేదు, తిట్టలేదు. కర్ర తీసుకుని వెళ్లిపోయారు. ఆ తరువాత ఏనాడూ నన్ను పక్కకు పిలవలేదు. జనం నాకు దణ్ణాలు పెడుతుంటే కడుపుమంట కాబోలు అనుకున్నాను. నా కడుపు ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి ఎదుటివాడిదీ అదే అనుకోవడం సులువు.

పాలావిడ నలభై రోజులూ వచ్చింది. అరుగెక్కడానికి వీల్లేదు. వాకిట్లో నూతి పక్కన, బట్టలుతికే బండ మీద కూర్చునేది. పద్యం వినపడుతుందని వచ్చేది, వేదాంతం విని వెళ్లేది. మర్నాడు పాలు పోస్తూ ఎప్పుడూ గట్టిగా అడగలేదు. "ఈవేళ ఎన్నో ఆకు బాబూ?" అనేది. నేను చెప్పేవాణ్ణి. "నకలు?" అనేది. రాస్తున్నానమ్మా అనేవాణ్ణి. ఒకరోజు మాత్రం చెంబు మీద మూత పెడుతూ, "మా అమ్మమ్మ సెమటకి కర్మని పేరెట్టారు నిన్న. మా అమ్మమ్మ వింటే నవ్వి నవ్వి సచ్చిపోయేది," అంది. అంతలో తనే, "పోనీండి, కట్ట బతికింది. అదే సాలు," అంది.

మా ఇంట్లోవాళ్లకు అన్నీ తెలుసు. నా భార్య ఒకనాడు పాలు కాస్తూ, ఆ ముసలావిడకు రెండు ముక్కలు రాసిస్తే మీ మోక్షం ఆగిపోతుందా అంది. ఆగుతుందేమోనని నిజంగానే అనిపించింది. నకలు తీస్తే పద్యం పద్యంగా నా కళ్ల ముందు నిలబడుతుంది. అది నిలబడితే సాయంకాలం నా నోరు తిరగదు.

చివరి రోజు పొద్దున ఆవిడ పాలతో పాటు మూకుడులో జున్ను తెచ్చింది. గేదె ఈనింది. ఇంకెవరికీ పొయ్యకుండా ముందు నాకే తెచ్చిందట.

"ఈవేళ ఆఖరాకు కదా బాబూ. సదివారేటి?"

ఆకు బల్ల మీదే ఉంది. కట్టకు అడుగున ఉన్న ఆకు కాబట్టి బాగా అరిగిపోయి ఉంది. మసి రెండుసార్లు రుద్దితే గాని తేలదు. సమాప్తికి పక్క తాలూకా నుంచి కూడా పెద్దలు వస్తున్నారు, ఏం మాట్లాడాలో నేను కట్టుకుంటున్నాను. సాయంత్రం సమాప్తి కాగానే కట్ట నీ చేతికి వస్తుంది, రేపు మీ అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా నేనే చదివి వినిపిస్తాను అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. "అలాగే బాబూ. బేగి తినండి, సల్లారితే బాగోదు," అని వెళ్లిపోయింది. జున్ను తిన్నాను. మిరియాలు దంచి వేసింది, బెల్లం సరిగ్గా పడింది. ఆకు చదవలేదు.

ఆ సాయంకాలం నా మాట విని ఒక వకీలు స్పృహ తప్పాడు. మంగళహారతి అయ్యాక తాసీల్దారు గారు నాకు శాలువా కప్పి, ఈ గ్రంథాన్ని ఇప్పుడేం చెయ్యాలని సభను అడిగారు. పండితుడు గారు లేచారు. మూడో రోజు తరువాత ఆయన సభలో మాట్లాడటం అదే. మూలం పైకి చదవకూడని గ్రంథం ఇదని మన గుమాస్తా గారే సెలవిచ్చారు, అలాంటిది గృహస్థుల ఇళ్లలో ఉండరాదు, అనర్హుల చేతిలో పడరాదు, పూజలందుకున్నది కాబట్టి అగ్నికి ఇవ్వరాదు, శివరాత్రినాడు బలిఘట్టంలో వరాహ నదిలో నిమజ్జనం చెయ్యడమే శాస్త్రం అన్నారు. ఒక్కొక్క మాటా నేను కట్టిన నియమాల్లోంచే తీసి పేర్చారు.

నూతి పక్క నుంచి ఆవిడ లేచి నిలబడింది. నలభై రోజుల్లో ఆవిడ గొంతు ఆ వాకిట్లో వినపడటం అదే మొదలు.

"బాబయ్యా, అది మా కట్ట."

తాసీల్దారు గారికి కోపం రాలేదు. అదే అన్యాయం. ఎంతో దయగా, ఏ మహాయోగి నీ ఇంట దాచి వెళ్లాడో గాని ఇన్నాళ్లు కాపాడినందుకు నీ జన్మ తరించిందమ్మా, రేపు నువ్వూ ఏటి ఒడ్డుకు వచ్చి చూడు, నిన్నెవరూ వెళ్లగొట్టరు అన్నారు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. కచేరీలో లాగే నా నోటి వైపు చూసింది. ఒక్క మాట అంటే చాలు. అది మంత్రం కాదండీ, వీళ్ల అమ్మమ్మ రాసుకున్న పద్యాలండీ, అంటే చాలు. అంటే శాలువా దిగాలి. ఊళ్లో నోరు ఆగనివాడు ఎవడంటే నన్ను చూపించేవారు. ఆ సాయంకాలం నా నోరు ఆగింది.

మాఘమాసంలో వరాహలో నీళ్లు, నడిమి మడుగు దగ్గర తప్ప, మోకాళ్లు దాటవు. శివరాత్రి స్నానాల జనం మధ్య నుంచి కట్టను పల్లకీలో మోసుకెళ్లారు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, తేలిపోకుండా గుడ్డలో రాళ్లు కట్టారు. నదిలో వదలడానికి పండితుడు గారే ముందుకొచ్చారు. పంచె పైకి ఎగగట్టి, నెమ్మదిగా నీళ్లలోకి దిగారు. నేను ఆయన వెనక, ఒడ్డు మీద ఉన్నాను. ఎండ నీటి మీద పడి ఆయన కాళ్ల మీదికి ఎగసి ఆడుతోంది. ఎడమ మోకాలి వెనక పప్పుబద్దంత నల్లమచ్చ.

ఈ ఒక్క ముక్క దగ్గర మీరు నవ్వుతారని తెలుసు. పులికి నస్యం ఇచ్చినవాడు ఇంతకన్నా ఏం చెబుతాడు అంటారు. ఊళ్లో ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా. నవ్వారు. నాలుగు తరాల వేదాంతుల ఇల్లు కదా, వాళ్ల తాతకు ఆ మచ్చ ఎందుకు ఉండకూడదు, ఆయన ఆ మెట్లెందుకు ఎక్కి ఉండకూడదు అంటే, ఇంకోటి చెప్పండి గుమాస్తా గారూ అన్నారు. ఆ రోజు ఒడ్డున పక్కకు చూస్తే పాలావిడ కూడా ఆ మోకాలినే చూస్తోంది. ఆయన కట్టను ముందున్న లోతు మడుగులోకి వదిలి వెనక్కి తిరిగి, మా ఇద్దరినీ చూసి, పంచె దించుకున్నారు. నీళ్లలో ఉండగానే దించుకున్నారు. తడిసిపోయింది.

ఇప్పుడు అనిపిస్తుంది, ఆయనను అనవలసినదేమీ లేదని. ఆయన తన తాత పరువు కోసం ముంచారు. నేను ఎవరి పరువు కోసం ముంచాను? శృంగారానికీ వేదాంతానికీ చుట్టరికం ఉందని పెద్దలంటారు. ఉంది. కాని ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, పెద్దపీట వేయించుకుని, చివరికి ఇంటివాళ్లనే బయటికి పంపే చుట్టం అది. ఆ కట్ట బూతుగానే మిగిలి ఉంటే ఏ వకీలో తలగడ కింద దాచుకునేవాడు. ఏ కుర్రకారో దొంగతనంగా నకలు తీసుకునేవారు. నాలుగు చేతులు మారేది, మురికి పట్టేది, బతికేది. దాన్ని దేవుణ్ణి చేశాను. దేవుణ్ణి నీళ్లలోనే కలుపుతారు.

జనం గుడివైపు కదిలాక ఆవిడ ఇసకలో కూర్చుంది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నకలు తియ్యలేదు కదా బాబూ," అంది. అడిగినట్టు లేదు.

లేదన్నాను.

"పోనీ. ఆఖరాకులో ఏటున్నాదో సెప్పండి. అది సాలు నాకు."

చదవలేదని చెప్పాలి. చెప్పలేకపోయాను. నాకు తెలిసిన దయ ఒక్కటే, కథ చెప్పడం. ఏటి వైపు చూస్తూ అల్లాను. వాళ్ల అమ్మమ్మ దగ్గరికి వచ్చిన ఆ పండితుడు అన్నాడు: ఓ ఇంతీ, ఉలిక్కిపడింది నేనే. నువ్వు ముట్టుకున్న చోటే నేనున్నాను. ముట్టుకోని చోట ఎవరున్నారో నాకు తెలియదు. ఇన్నాళ్లూ నలుగురికీ చెప్పింది ఆ తెలియనివాడి గురించే. ఇలా అన్నాను. నేను అల్లినవాటిలో అంత మంచిది ఇంకోటి లేదు.

ఆవిడ విన్నది.

"బాగుంది," అంది. "ఇది మీదే. మా అమ్మమ్మ మగాడి సేత అంత సులువుగా ఒప్పించదు."

పోనీ ఆ నాలుగు పద్యాలూ చెప్పండి, ఇప్పుడే, ఇక్కడే రాసుకుంటాను అన్నాను. ఆవిడతో మీరు అనడం అదే మొదలు. గమనించిందో లేదో.

"మీకొద్దు బాబూ. మీ సేతిలో పడితే దేవుడైపోద్ది," అంది. ఇసక దులుపుకుని లేచింది.

మర్నాడు కూడా పాలు పోసింది. పొయ్యడం మానలేదు. గొణుక్కోవడం మానేసింది. మూడేళ్ల తరువాత జొరంతో పోయింది. నాలుగు పద్యాలూ ఆవిడతోనే పోయాయి. మోకాలి పద్యాన్ని ఆవిడ నోట ఒకసారి విన్నాను, ఆకు మీద చూసి పండితుడు గారికి రెండుసార్లు చదివాను. మొదటి పాదంలో సగం గుర్తుంది. ఆ తరువాత ఎంత లాగినా, మచ్చ అంటే మాయ అనే కళంకం అని నా గొంతే వస్తుంది.

నా అర్థాలు మాత్రం ఆకు ఆకుకూ, పొల్లు పోకుండా ఒప్పజెప్పగలను. తాసీల్దారు గారు బదిలీ అయి వెళ్లే ముందు వాటిని నా చేతనే రాయించి అచ్చు వేయించారు. దానికి నకలు కూడా తీసి దగ్గర పెట్టుకున్నాను. మాఘం వస్తే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇప్పటికీ బళ్లు పంపుతారు, వచ్చి చెప్పమని. వెళుతున్నాను.